ముక్కెట్టి సూడండమ్మా

మొన్న మంగళవారం మా అమ్మాయికి స్కూలు బ్యాగు కొందామని జగదాంబ దగ్గర కొత్తగా పెట్టిన పెద్ద షాపుకి వెళ్ళాను. గుమ్మంలోనే సెంట్ల బల్ల దగ్గర నిలబడ్డ ఒక పిల్ల, వద్దంటున్నా వినకుండా, సన్నటి కాగితం ముక్క మీద బుస్సుమని ఏదో కొట్టి నా ముక్కు దగ్గర పెట్టింది. "కాఫీ పెర్‌ఫ్యూమ్ మేడమ్, చాలా స్వీట్‌గా ఉంటుంది, సాయంత్రం దాకా పోదు" అంది. సాయంత్రం దాకా ఏమిటి, పదకొండేళ్ళయినా పోలేదని ఆ పిల్లకి ఎలా చెప్పను? బ్యాగు కొనకుండానే బయటికి వచ్చేశాను. కాగితం ముక్కని మాత్రం పర్సులో పెట్టుకున్నాను.

అదే వాసన. మొదట చేదుగా, ఫిల్టరు మూత తీసినప్పుడు గుప్పుమనే డికాషను. ఆటో సీతమ్మధార చేరేసరికి అందులో పాలూ పంచదారా కలిశాయి. ఇంటికొచ్చి చెప్పులు విప్పేసరికి పర్సు నిండా మాడిన పాకం వాసన. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి వంటింట్లో కూర్చుని కాసేపు ఏడ్చాను. ఏడవడానికి నాకు హక్కుందా లేదా అన్నది మీరే తేల్చండి.

ఆ వాసన మా వీధికి చేపలు తెచ్చే ఒకావిడది. పేరు దాచి చేపలావిడ అంటున్నానని అనుకోకండి. అప్పట్లో ఆవిడ పేరు నాకు తెలీదు. మా వీధిలో ఎవరికీ తెలీదు. "ఏమే, ఇవాళేం తెచ్చావ్?" అనడానికి పేరెందుకు? నాకన్నా పాతికేళ్ళు పెద్దదాన్ని పట్టుకుని నేనూ "నువ్వు" అనే అనేదాన్ని. ఇప్పుడు రాసేటప్పుడు ఆవిడ అంటున్నాను. ఆ మర్యాద ఆవిడ చెవిన ఎప్పుడూ పడలేదు.

నేను సబ్బవరం పక్క పల్లె నుంచి సీతమ్మధారకి కోడలిగా వచ్చిన కొత్త. మా ఆయనది స్టీల్ ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగం. ఇంట్లో మిగిలేది నేనూ, మా అత్తగారూ. ఉదయం తొమ్మిది కొట్టేసరికి వీధి మొదట్లోంచి ఆ కేక వినబడేది.

"సేపలమ్మా సేపలూ... ముక్కెట్టి సూడండమ్మా! వాసనొత్తే ఒగ్గీండి!"

మిగతా చేపలవాళ్ళు పేర్లు చెప్పుకుంటూ అమ్మేవాళ్ళు. వంజరమనీ, చందువా అనీ, కానాగంతలనీ. ఆవిడ మాత్రం వాసన చూడమని సవాలు చేసేది. గంప దించి, గోనెపట్టా తీసి, చేపని రెండు చేతులతో ఎత్తి కొనేవాళ్ళ ముక్కు కిందికి తీసుకొచ్చేది. బొటనవేలితో మొప్ప ఎత్తి ఎరుపు చూపించేది. నేను మొహం తిప్పుకుంటే ఒకసారి పట్టుకుని మరీ పాఠం చెప్పింది.

"తాజా సేపకి సేప వాసనుండదు కోడలమ్మా. నీళ్ళ వాసనుంటాది. సేప వాసనొచ్చిందంటే అది నిన్నటిదని లెక్క. ఇంక నువ్వు కొనొద్దు, నానమ్మినా కొనొద్దు."

నిజంగానే, ఒకటి రెండు రోజులు సరుకు బాగా లేకపోతే ఖాళీ చేతులతో వచ్చి ఆ మాటే చెప్పి వెళ్ళిపోయింది. మా ఎదురింటి టీచరుగారు, రిటైరై పదేళ్ళయినా ప్రపంచంలో అందరి పేపర్లూ దిద్దే మనిషి, ఆ మనిషి కూడా ఈవిడ దగ్గర బేరం ఆడడమే తప్ప చేపకి వంక పెట్టేవారు కాదు.

చేపలన్నీ అయ్యాక మా అరుగు మీద కూర్చుని కాఫీ తాగడం ఆవిడకి అలవాటు. గ్లాసు వేరే. సొట్టపడ్డ స్టీలు గ్లాసు, గోడ మీద బోర్లించి ఉండేది. అది నా ఏర్పాటు కాదు, కానీ నేను మార్చిందీ లేదు. పైనుంచి కాఫీ పోసేదాన్ని. ఆవిడ వెంటనే తాగేది కాదు. గ్లాసుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆవిరి మొత్తం లోపలికి లాగేది. పైట చెంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ లాగేది. చూసి చూసి ఒకరోజు అడిగాను, చల్లారిపోతోంది తాగవేమని.

"తాగతన్నాను కదేటి! సగం ముక్కుతోటి తాగీనాను, ఇంక సగం నోటితోటి తాగుతాను" అంది.

మార్కెట్టు దగ్గర కాఫీ గింజలు వేయించే కొట్టు ఒకటుండేది. హార్బరులో వేలంపాట అయ్యాక, బస్సెక్కే ముందు ఆ కొట్టు ఎదురుగా రోజూ కాసేపు నిలబడేదట. కొట్టువాడు కసురుకునేవాడట, గంప తీసి అవతలికి పో, గిరాకీ పోతుందని. "నీ గింజల వాసన ముందు నా సేపల వాసనేపాటి బావూ అన్నాను. ఆడికీ నవ్వొచ్చినాది" అని చెప్పి ఆవిడ నవ్వింది. ముందు పన్ను ఒకటి లేదు. నవ్వినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేది, మళ్ళీ ఆ చెయ్యి వాసన తనకే కొట్టి తీసేసేది.

ఆ ముక్కు చేపలకే పనికొచ్చేది కాదు. "ఈయేల మద్దేనం వానొత్తాది, బట్టలు తీసుకోండి" అనేది మబ్బులేని ఆకాశం కింద నిలబడి. వచ్చేది. ఒకరోజు గంప మా గేటు దగ్గర దించగానే నేను పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. తిరిగొచ్చేసరికి ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"కోడలమ్మా, నెల తప్పినాదేటి?"

ఆ మాట నేను అప్పటికి మా ఆయనకి కూడా చెప్పలేదు. మర్నాటి నుంచి ఆవిడ గంపని వీధి చివర కరెంటు స్తంభం దగ్గరే వదిలి, చేతులు చింతపండుతో తోముకుని, ఉత్త చేతులతో మా గేటు దాకా వచ్చేది. ఏం చేపలున్నాయో నోటితో చెప్పి, అత్తయ్యకి కావలసినవి ఆకులో చుట్టి పెరటి దారిన ఇచ్చేది. స్తంభం దగ్గర గంపని కాకులు ఏం చేసేవో, ఎన్ని పోయేవో నేను అడగలేదు. "బిడ్డ పుట్టినాక పాలసొర తెత్తాను. పుట్టు సేసుకు తిను, పాలు బాగా పడతాయి. నా మాటే నీకు" అంది.

ఇక సెంటు సంగతి. మా బావగారు ఓడలో ఇంజనీరు. ఏడాదికోసారి వచ్చినప్పుడు ఏ దేశానివో సామాన్లు పట్టుకొచ్చేవారు. ఆ ఏడు నాకు తెచ్చింది నల్లటి బరువైన సీసా. దాని మీద రాసిన పేరు చదవడం మా ఇంట్లో ఎవరికీ రాలేదు. మా అత్తగారు ఆ సీసా పట్టుకుని వీధంతా తిరిగి అందరి మణికట్ల మీదా ఒక్కో చుక్క కొట్టి వచ్చారు. "కాఫీ సెంటు! మా పెద్దోడు తెచ్చాడు!" అని. ఆ వారం మా వీధి వీధంతా హోటలు వాసన వేసింది.

బాగుండేదని చెప్పను, బాగా లేదని చెప్పను. కొట్టుకున్న మొదటి పావుగంట మహారాజులా ఉండేది. తర్వాతే ఇబ్బంది. మన వైజాగు ఉక్కకి ఆ తీపి కరగదు, ఒంటికి అంటుకుని కూర్చుంటుంది. మధ్యాహ్నానికి ఐస్‌క్రీమూ, సాయంత్రానికి అడుగంటిన పాయసమూ. మా ఆయన షిఫ్టు దిగి వచ్చి, "ఇవాళ ఎన్ని కాఫీలు అందించావేంటి?" అని ఏడిపించేవారు. జాకెట్టు రెండుసార్లు ఉతికినా చంకల దగ్గర పాకం అలాగే ఉండేది. చీమలు పట్టకపోవడం మా అదృష్టం.

నెల తప్పాక ఆ వాసన నాకు పగయింది. సీసా మూత చూస్తేనే డోకొచ్చేది. అత్తగారు ఒప్పుకోరు. "మా పెద్దోడు దేశాలు దాటి తెస్తే మూలన పడేస్తావా?" అని స్నానం చేసి రాగానే తనే నా మెడకింత కొట్టేవారు. ఆ మనిషికి నామీద కోపం లేదు, ఉన్నదల్లా కొడుకు మీద గర్వం. దానికి అడ్డం చెప్పే ధైర్యం నాకు లేదు. ధైర్యం లేనివాళ్ళు ఏం చేస్తారో నేనూ అదే చేశాను.

ఒక ఉదయం అత్తగారు పూజ గదిలో ఉండగా చేపలావిడ గేటు దగ్గర నిలబడి గాలి పీల్చింది. "నీ కాడ కాఫీ గింజలు ఏపుతున్న వాసనొత్తాది కోడలమ్మా. ఎంత బాగున్నాదో" అంది, కళ్ళు మూసుకుని, అచ్చం గ్లాసు పట్టుకున్నట్టే. నేను లోపలికి పరిగెత్తి సీసా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ముప్పాతిక సీసా ఉంది.

"సేపలమ్మేదానికి సెంటేటి? నవ్వుతారు" అని వెనక్కి ఇవ్వబోయింది.

"ఏం, నువ్వు మనిషివి కావా? రోజూ వేసుకో" అన్నాను పెద్ద ఉదారంగా. అక్కడితో ఆగితే పోయేది. "ఆ నీచు వాసన కూడా తెలీకుండా ఉంటుంది" అని కూడా అన్నాను.

ఆవిడ మొహంలో ఏదో సర్దుకుంది. తన అరచెయ్యి ఒకసారి చూసుకుంది. నా కోసం నెల రోజులుగా చింతపండుతో తోముకుంటున్న చెయ్యి అది. "అదీ నిజమేలే" అని సీసాని చెంగున ముడేసుకుంది. నాకు అక్కర్లేనిదాన్ని ఆవిడకి బహుమతి చేసి, నేను చాలా మంచిదాన్నని ఆ పూటంతా మురిసిపోయాను. అత్తగారితో సీసా బాత్రూములో జారి పగిలిపోయిందని చెప్పాను. నమ్మకం కుదరాలని, సీసా బయటికి తెచ్చే ముందే బాత్రూము గచ్చు మీద రెండు సార్లు కొట్టి ఉంచాను, గాజు పెంకులు పారేశానన్నాను. నాలుగు రోజులు మా బాత్రూము కాఫీ హోటలైంది. అత్తగారు నాలుగు రోజులూ అన్నం సరిగా తినలేదు.

ఆవిడ ఒంటి మీద ఆ సెంటు వేరేలా ఉండేది. ఎండకీ, ఉప్పుగాలికీ తీపంతా ఎగిరిపోయేదేమో, వేగిన గింజల వాసన ఒక్కటే నిలిచేది. నా మీద వెగటైన సెంటు అక్కడ కుదిరింది. ఆ మాట పైకి చెప్పాను కూడా. సిగ్గుపడి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఈసారి చెయ్యి తీయలేదు.

పది రోజుల తర్వాత స్తంభం దగ్గరి నుంచి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఈయేల బస్సులో నా పక్కన ఓ ఆవిడ కూకుంది కోడలమ్మా!" అంది. ఏమిటా గొప్ప అనుకున్నాను. "ఇరవయ్యేళ్ళ బట్టీ ఎక్కుతన్నాను. నానెక్కితే పక్క సీటోళ్ళు లేసిపోతారు, లేపోతే చెంగు ముక్కుకెట్టుకుంటారు. కండెట్రు ఎనకాలకి తోలీస్తాడు. ఈయేల ఆవిడే వొచ్చి కూకుంది. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అనడిగింది. దిగినప్పుడు ఎల్లొస్తానని సెప్పింది నాకు!"

"చూశావా, నేను చెప్పలే?" అన్నాను.

"ఒంటికి రాసుకుంటే సెమటకి పోతాంది. అందుకే సుట్టకుదురుకి కొట్టినాను. గుడ్డకైతే మూడు దినాలుంటాది."

చుట్టకుదురంటే గంపకీ తలకీ మధ్య పెట్టుకునే గుడ్డ చుట్ట. దాని మీదే గంప. గంపలోంచి కారే నీళ్ళన్నీ దాని మీదకే. గంప దించితే దాన్ని తీసి చేపల మీద పట్టాలా కప్పేది. వెదురు అల్లిక నిండా ఆ వాసన ఎక్కుతుందనీ, ముక్కు పెట్టి చూడమని అమ్మే మనిషికి అది ఎంత పెద్ద చిక్కో తెలియడానికి చదువు అక్కర్లేదు. రోజూ ఆ వాసనలోనే ఉండి ఆవిడ ముక్కు దానికి అలవాటు పడిపోయింది. నా ముక్కు బాగానే ఉంది. అయినా, "భలే ఉపాయం" అని నవ్వి ఊరుకున్నాను.

అయిదో నెల వచ్చాక నాకు వికారం తగ్గి, ఆవిడ మళ్ళీ గంప మా గేటు దాకా తేవడం మొదలుపెట్టింది. ఆ రోజు గంపలో పెద్ద వంజరం ఉంది, చుట్టకుదురు మీది సెంటు ఎన్నడూ లేనంతగా గుప్పుమంటోంది. ఎదురింటి టీచరుగారి అల్లుడు వచ్చాడు, అందుకని టీచరుగారే ముందుగా వచ్చి చేపని ఎత్తి వాసన చూశారు. మళ్ళీ చూశారు.

"ఇదేంటే? చేపకి సెంటు వాసనేంటి? పాచిపోయిన సరుకుకి సెంటు కొట్టి తెచ్చావా?"

"ఓలమ్మ! అలాగంటావేటమ్మా? ముక్కెట్టి సూడండి, మొప్ప సూడండి ఎంతెర్రగున్నాదో!"

"సెంటు కొట్టినదానివి రంగు వెయ్యలేవా?"

పక్కిళ్ళ వాళ్ళు ముగ్గురు నలుగురు వచ్చారు. ఆవిడ కంగారులో, తనకి తెలిసిన ఒకే ఒక్క మాట పదే పదే అంది. ముక్కెట్టి సూడండమ్మా, ముక్కెట్టి సూడండి. ఒక్కొక్కరే వంగి వాసన చూశారు, ఒక్కొక్కరే మొహాలు చిట్లించారు. నిన్నటిదాకా ఆవిడ గొంతు వినగానే గిన్నెలు పట్టుకుని పరిగెత్తినవాళ్ళు వాళ్ళే. ఆ చేప ఆ ఉదయం సముద్రంలోంచి వచ్చింది, నీళ్ళ వాసన తప్ప ఏమీ లేని చేప. దాని మీద పడ్డ వాసన నాది.

ఆవిడ నా వైపు చూసింది. "ఈ అమ్మిచ్చినాది" అని వేలెత్తి చూపిస్తే సరిపోయేది. చూపించలేదు. నేను చెబుతానని చూసింది, అంతే. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడే మా అత్తగారు నన్ను పక్కకి తోసుకుంటూ వచ్చి గంప మీద వంగారు.

"అమ్మాయ్, ఇది మన సెంటు కాదూ? పెద్దోడు తెచ్చింది. పగిలిపోయిందన్నావ్?"

"పగిలిందో, ఎవరైనా పట్టుకుపోయారో చూసుకోండి" అన్నారు టీచరుగారు.

అందరూ నన్నే చూస్తున్నారు. ఆ ఒక్క క్షణంలో నాకు కనబడింది అత్తగారి మొహం, అబద్ధమాడిన కోడలన్న పేరు, సెలవుకొచ్చినప్పుడు బావగారికి తెలిస్తే ఏమనుకుంటారోనన్న బెంగ. ఆవిడ రోజూ నడిచే ఇరవై వీధులు నాకు కనబడలేదు.

"పగిలిపోయింది అత్తయ్యా" అన్నాను.

అంటే ఆవిడ దగ్గరున్న సెంటు ఎక్కడిదో నాకు తెలియదని అర్థం. దొంగతనమే అయ్యుండాలని అర్థం. ఆవిడ నా మొహం వైపు ఇంకోసారి చూసింది. తర్వాత నా కడుపు వైపు చూసింది. కోపం తెచ్చుకుని ఉంటే ఇవాళ నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

"దొంగతనమేటి బావూ! నాను కొనుక్కున్నాను. ఆర్బరు కాడ ఓడోళ్ళమ్మితే కొనుక్కున్నాను" అంది.

"చేపలకి కొట్టడానికా?"

ఆవిడ గంప తలకెత్తుకోకుండా చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. చుట్టకుదురు మా గేటు ముందే ఉండిపోయింది. మరిచిపోయిందో, వదిలేసిందో తెలీదు. దాన్ని లోపలికి తెచ్చే ధైర్యం కూడా లేక కిటికీలోంచి చూస్తూ గడిపాను. మూడో రోజు మునిసిపాలిటీ వాళ్ళు చెత్తతో పాటు ఊడ్చుకుపోయారు.

ఆ తర్వాత మా వీధిలో ఆ కేక లేదు. చుట్టుపక్కల వీధుల్లోనూ లేదు, టీచరుగారి నోరు అంత దూరం వినబడుతుంది. ఈరోజు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నెలలు నిండాయి. పాప పుట్టిన పదో రోజున కొత్తగా ఒక చేపలామె మా గేటు దగ్గరికి వచ్చి ఆకు పొట్లం ఒకటి ఇచ్చింది. "కోడలమ్మకంట, ఇమ్మన్నాది" అని మాత్రం చెప్పింది. లోపల పాలసొర. దానికి ఏ సెంటు వాసనా లేదు, నీళ్ళ వాసన తప్ప. "ఎవరు పంపారే?" అని అత్తగారు అడిగారు. "తెలీదత్తయ్యా" అన్నాను. అత్తగారు దాన్ని ఉడికించి చిదిమి, పొడికూరలా మంచి పుట్టు చేశారు. అంతా తిన్నాను, పాలు కూడా పడ్డాయి. ఆ రోజే పొట్లం తెచ్చినామె వెంట వెళ్ళి ఉండాల్సింది. పచ్చి బాలింతననే సాకు దొరికింది. సాకులకేం, తర్వాత పదేళ్ళ పాటు ఒకదాని వెనక ఒకటి దొరుకుతూనే వచ్చాయి. మూడేళ్ళ కిందట అత్తగారు పోయారు. అత్తగారికి తెలిసిపోతుందన్న సాకు కూడా దాంతో పోయింది, అయినా కదల్లేదు.

షాపులో కాగితం ముక్క ఇచ్చిన మర్నాడు పొద్దున్నే జాలరిపేట వెళ్ళాను. ఇళ్ళ ముందు వలలు, ఎండకి పరిచిన చేపలు, నీళ్ళ కొళాయి దగ్గర ఆడవాళ్ళు. ఎవరు కావాలమ్మా అని అడిగారు.

"చేపలావిడ..." అన్నాను.

వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వారు. "ఏ సేపలావిడమ్మా? ఈడ అందరం సేపలోళ్ళమే!"

సీతమ్మధార వచ్చేదన్నాను. ముందు పన్ను లేదన్నాను. అలాంటోళ్ళు పదిమంది ఉన్నారన్నారు. తల కొట్టేసినట్టయింది. రెండేళ్ళ పాటు రోజూ మా అరుగు మీద కూర్చున్న మనిషి గురించి చెప్పడానికి నా దగ్గర ఇంకో ముక్క లేదు. చివరికి పర్సులోంచి ఆ కాగితం తీసి అక్కడున్న ముసలమ్మ చేతికిచ్చాను. రాత్రంతా పర్సులో ఉన్నా వాసన పోలేదు. చేదు పోయింది, మాడిన పాకం మిగిలింది. ముసలమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారిగా నోరు తెరిచింది.

"ఓలమ్మ! ఇది మన ఓడసెంటుదాని వాసన కదేటే!"

ఓడసెంటు. ఆవిడకి ఆ ఊళ్ళో అదీ పేరు. నలుగురూ కలిసి నన్ను సందు చివరి ఇంటికి తీసుకెళ్ళారు. గుమ్మం పక్కన ఒక ముసలాయన వల ఒళ్ళో వేసుకుని తెగిన కన్నాలు కడుతున్నాడు. ఆయనే ఆవిడ భర్త. లోపల్నుంచి కోడలు వచ్చింది. అత్త పోయి అప్పటికి ఏడాదయిందట, ఊపిరి తీసుకోలేక.

"మీ ఈదుల్లో గొడవైనాక మా అత్త మరి పచ్చిసేపలు ముట్టలేదు. ఎండుసేపల కాడ కూలికి పోనాది. ఆడ ముక్కెట్టి సూసేవోళ్ళుండరు కదా" అంది కోడలు. తర్వాత గొంతు తగ్గించి ముసలాయన వైపు చూపించింది. "ఆర్బరు కాడ ఓడోళ్ళ దగ్గర కొన్నానందంట మీ ఈదిలో. ఆ మాట ఊళ్ళోకొచ్చీసింది. ఏ ఓడోడిచ్చినాడే నీకు సెంటు అని మా మావ తాగినప్పుడల్లా తగువే. సీసా సముద్రంలోకి ఇసిరీసినాడు. ఊరంతా ఓడసెంటు అనీసేవోరు. నానూ అడిగినానోపాలి, నిజం సెప్పత్తా అని. కొన్నానే అన్నాది. అంతే. సచ్చిందాకా అదే మాట."

ఆ మాట విన్నప్పుడు నేను పడ్డది ఇలా అని రాయలేను. మా వీధిలో నా పరువు కోసం ఆడిన అబద్ధాన్ని ఆవిడ సొంత ఇంట్లో కూడా విప్పలేదు. విప్పితే ఏ చేపలామె నోటైనా తిరిగి సీతమ్మధార చేరుతుందని. నేనేమో ఆవిడ కోపంతో మా వీధి మానేసిందని అనుకుని, లోలోపల కొంచెం తేలికపడ్డాను కూడా.

"ఆవిడ పేరేంటి?" అని అడిగాను.

కోడలు నా మొహంలోకి వింతగా చూసింది. "పేరు తెల్దేటి మీకు?" అని, చెప్పింది. మంచి పేరు. ఇక్కడ రాయను. బతికుండగా ఒక్కసారి కూడా పిలవని పేరుని చచ్చాక కాగితం మీద పెట్టి వాడుకునే మొహం నాకు లేదు.

అప్పుడు అన్నాను. "ఆవిడ ఆ సెంటు కొనలేదు. నేనిచ్చాను."

ఎంత చిన్న మాట! వెంట వచ్చిన ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. ముసలాయనకి సరిగా వినబడదు. వల మీంచి తలెత్తి, "ఏటంటాంది?" అని కోడల్ని అడిగాడు. కోడలు చెప్పబోతే నేనే ఆపాను. ఆయన ముందు కూర్చుని, వీధంతా వినేలా గట్టిగా చెప్పాను.

"ఆ సెంటు నేనిచ్చానండీ. ఏ ఓడవాళ్ళూ ఇవ్వలేదు. ఆవిడ ఎవరి దగ్గరా తీసుకోలేదు. నా మీదకి మాట రాకూడదని అలా చెప్పింది."

ముసలమ్మ చేతిలో ఉన్న కాగితం ముక్కని ఆయన అడిగి తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంచుకున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఇప్పుడా తల్లీ, వొచ్చి సెప్తన్నావ్?" అన్నాడు.

కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వలని మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు. నేను లేచి వచ్చేసేదాకా ఆ తెగిన కన్నం ఎక్కడుందో దొరక్క, చేతులతో తడుముతూనే ఉన్నాడు.